చిక్కుడు, బీన్స్, రాజ్మా మొదలు కుళ్లకుండా ట్రైకోడెర్మా ఎలా వాడాలి

ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు ఎర్ర నేలల్లో పందిరి చిక్కుడు. పైన అరకు, చింతపల్లి కొండల్లో బీన్స్, రాజ్మా. విశాఖ ఊళ్లోనేమో మేడల మీద గ్రో బ్యాగుల్లో నాలుగైదు పాదులు. పంట తీరు వేరైనా అందరి నోటా వినపడే మాట ఒకటే: "నిన్నటిదాకా పచ్చగా ఉంది బాబూ, తెల్లారేసరికి వాలిపోయింది." నీళ్లు తక్కువయ్యాయేమో అని ఇంకో బిందె పోస్తారు. రెండు రోజుల్లో పక్క మొక్క కూడా వాలిపోతుంది.

తెగులు మట్టిలో ఉంటుంది, మనం చూసేది ఆకుని. అందుకే పైన ఎంత మందు కొట్టినా డబ్బు పోతుంది తప్ప మొక్క నిలబడదు. మట్టిలో ఉండే చెడ్డ శిలీంధ్రాన్ని మట్టిలోనే అదుపు చేసే మంచి శిలీంధ్రం ట్రైకోడెర్మా. చౌకగా దొరుకుతుంది, వాడటం కూడా తేలికే. కానీ మన దగ్గర దీన్ని వాడి "పని చెయ్యలేదు" అన్నవాళ్లలో ఎక్కువమంది తెగులు కనపడ్డాకే వాడినవాళ్లు. ఇది విత్తనం కంటే ముందే మట్టిలోకి చేరాల్సిన జీవి. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుని మిగతాది చదవండి.

ముందు మొక్కను పీకి చూడండి

వాలిపోయిన మొక్కను వేర్లతో సహా మెల్లగా తవ్వి తీయండి. లాగితే తెగిపోయి అసలు ఆధారం మట్టిలోనే ఉండిపోతుంది. వేరును నీళ్లలో కడిగి, వెలుతురులో పెట్టి చూడండి.

కాండం మట్టిని తాకే చోట తెల్లటి దారాలు దూదిలా అల్లుకుని, వాటి మధ్య ఆవగింజ సైజులో గుండ్రటి గోధుమరంగు గింజలు ఉంటే అది మొదలుకుళ్లు. స్క్లెరోషియం అనే శిలీంధ్రం చేసే పని. ఆ గింజలే దాని విత్తనాలు. ఏళ్ల తరబడి నేలలో చావకుండా ఉంటాయి. వేరుశనగ, టమాటా, వంగలో వచ్చేది కూడా ఇదే కాబట్టి, పోయిన ఏడు వేరుశనగలో మొదలుకుళ్లు చూసిన చెక్కలో (పొలం ముక్కలో) ఈ ఏడు చిక్కుడు పెట్టకండి.

మొలకెత్తిన రెండు మూడు వారాల్లోపే మొక్క పడిపోయి, కాండం మొదట్లో ఎర్రటి గోధుమరంగు గుంట మచ్చలు ఉంటే అది రైజోక్టోనియా అనే శిలీంధ్రం పని. వాన బాగా పడి, నీరు తీయని మడుల్లో ఎక్కువ.

వేరు పొడిగా, పెళుసుగా అయి, బెరడు పొరలా ఊడివస్తూ, లోపల సూదిమొనంత నల్లటి చుక్కలు చల్లినట్టు ఉంటే ఎండు వేరుకుళ్లు. దీనికి కారణం మాక్రోఫోమినా అనే శిలీంధ్రం. వానలు ఆగిపోయి ఎండ కాసి, నేల బెట్టకొచ్చినప్పుడు పూత, పిందె మీదున్న మొక్కల్ని పట్టుకుంటుంది.

పైకి వేరు బాగానే ఉండి, కాండాన్ని నిలువునా చీరితే లోపల గోధుమరంగు చార కనిపిస్తే అది ఫ్యుజేరియం వడలు తెగులు.

ఈ నాలుగూ నేలలోంచి వచ్చేవే. నాలుగింటి మీదా ట్రైకోడెర్మా పని చేస్తుంది. ఆకుల మీద తుప్పు మచ్చలు, బూడిద పూత, పసుపు పచ్చ మొజాయిక్ అయితే మాత్రం దీనితో లాభం లేదు. వాటి సంగతి చివర్లో చెబుతాను.

మట్టిలో ఇది చేసే పని

1932లో వైండ్లింగ్ అనే శాస్త్రవేత్త సూక్ష్మదర్శిని కింద ఒక విషయం గమనించాడు. నారును కుళ్లబెట్టే రైజోక్టోనియా దారాల చుట్టూ ట్రైకోడెర్మా దారాలు చుట్టుకుని, వాటిని తినేస్తున్నాయి. ఇప్పుడు మనం వాడేదంతా ఆ దారిలో వచ్చిందే. అది చెడ్డ శిలీంధ్రం గోడల్ని కరిగించే ఎంజైములు వదులుతుంది, లోపలికి చొరబడుతుంది. వేరు చుట్టూ ఉన్న చోటును, తిండిని ముందే ఆక్రమించి రెండోదానికి అవకాశం ఇవ్వదు. వేరు మీద స్థిరపడ్డాక మొక్క సొంత రోగనిరోధక శక్తిని కూడా పెంచుతుంది.

వేరు చుట్టూ ముందుగా ఎవరు చేరితే చోటు వాళ్లది. కుళ్లు శిలీంధ్రం అప్పటికే కాండంలోకి దిగిపోయిన మొక్కను ఇది వెనక్కి తేలేదు. ఆ పక్కన ఉన్న మంచి మొక్కను మాత్రం కాపాడగలదు.

ప్యాకెట్ కొనేటప్పుడు

ప్యాకెట్ మీద ట్రైకోడెర్మా విరిడి, హార్జియానం, యాస్పరెల్లం అని మూడు పేర్లలో ఏదో ఒకటి ఉంటుంది. చిక్కుడు జాతికి మూడూ పనికొస్తాయి, పేరు గురించి టెన్షన్ వద్దు. చూడాల్సింది వేరే. తయారీ తేదీ చూడండి. పొడి రూపంలో దొరికే ట్రైకోడెర్మా సాధారణంగా నాలుగు నుంచి ఆరు నెలలే బతుకుతుంది, కాబట్టి వీలైతే రెండు నెలల లోపుది అడగండి. గ్రాముకు ఎన్ని జీవకణాలు ఉన్నాయో రాసి ఉంటుంది. మామూలుగా దొరికే ఒక శాతం విరిడి పొడిలో గ్రాముకు కనీసం 20 లక్షలు ఉండాలి. రిజిస్ట్రేషన్ నంబరు, బ్యాచ్ నంబరు లేని సంచి ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోకండి.

ఇంకోటి, షాపులో అది ఎక్కడ పెట్టారో చూడండి. మే నెలలో రేకుల కప్పు కింద, పై అరలో నెలల తరబడి ఉన్న ప్యాకెట్‌లో తేదీ బాగానే ఉన్నా లోపల జీవం ఉండదు. కొన్నాక మీరు కూడా స్కూటర్ డిక్కీలో వేసి, ఎండలో పార్కు చేసి, ఇంకో పని చూసుకుని రాకండి. ఇంట్లో నీడలో, చల్లటి చోట, పురుగుమందుల పక్కన కాకుండా పెట్టండి.

అనుమానం ఉంటే ఇంట్లోనే చిన్న పరీక్ష చేయొచ్చు. వండి చల్లార్చిన అన్నం రెండు చెంచాలు శుభ్రమైన గాజు సీసాలో వేసి, చిటికెడు పొడి చల్లి, గుడ్డ కట్టి నీడలో పెట్టండి. మూడు నాలుగు రోజులకు తెల్లటి నూగు వచ్చి, తర్వాత ముదురు ఆకుపచ్చకు తిరిగితే పొడిలో ప్రాణం ఉన్నట్టే. కొన్ని రకాల్లో పచ్చి కొబ్బరి వాసన కూడా వస్తుంది. నల్లగా, పసుపుగా బూజు పడితే వేరే శిలీంధ్రం చేరిందన్నమాట. ఆకుపచ్చ బూజులు వేరేవి కూడా ఉంటాయి కాబట్టి ఇది పక్కా పరీక్ష కాదు. కానీ ఏమీ మొలవని ప్యాకెట్‌ను పొలంలో వేయకుండా ఆపుతుంది. ఆ సీసాను ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చకండి, పరీక్ష అయ్యాక మట్టిలో పూడ్చేయండి.

గెత్తంలో పెంచడం: అసలు పని ఇదే

రెండు కిలోల పొడిని ఎకరం నేల మీద అలాగే చల్లితే తిండి లేక చాలావరకు చచ్చిపోతుంది. ముందు పశువుల గెత్తంలో (పేడ ఎరువులో) పెంచి, ఆ గెత్తాన్ని పొలానికి వేయాలి. పాలలో తోడు వేసినట్టే అనుకోండి. తోడు కొంచెమే, పాలు గోరువెచ్చగా ఉండాలి, తోడుకునేదాకా కదపకుండా ఓపిక పట్టాలి.

ఎకరానికి కావాల్సినవి: బాగా మాగిన పశువుల గెత్తం 90 కిలోలు, వేపపిండి 10 కిలోలు, ట్రైకోడెర్మా పొడి 2 కిలోలు.

గెత్తం మాగిందో లేదో చేతితో తెలుస్తుంది. కుప్ప మధ్యలోకి చెయ్యి పెడితే వేడిగా తగలకూడదు, పేడ వాసన పోయి మట్టి వాసన రావాలి. పచ్చి పేడలో కలిపితే ఆ వేడికే ట్రైకోడెర్మా చస్తుంది, పైగా వేరుపురుగులు వస్తాయి.

చెట్టు నీడలోనో పశువుల పాక పక్కనో, వాన నీరు నిలవని చోట గెత్తాన్ని పరచండి. దాని మీద వేపపిండి చల్లండి. పొడిని ఒకేసారి గుమ్మరించకుండా పొరలు పొరలుగా చల్లుతూ పారతో రెండు మూడుసార్లు తిరగెయ్యండి. నీళ్లు చిలకరించండి. ఎంత తడి ఉండాలంటే, గుప్పెడు తీసి గట్టిగా పిండితే ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీటి చుక్క కారకూడదు. చుక్క కారిందంటే తడి ఎక్కువైనట్టే, కాస్త పొడి గెత్తం కలపండి.

ఇప్పుడు అడుగు, అడుగున్నర ఎత్తు కుప్ప చేసి తడి గోనె సంచులు కప్పండి. ప్లాస్టిక్ పట్టా బిగించి కప్పవద్దు. ఇది గాలి పీల్చే జీవి, గాలి ఆడకపోతే కుప్ప పులిసిపోతుంది. గోనెలు ఆరిపోతే మళ్లీ తడపండి. మూడు నాలుగు రోజులకోసారి కుప్పను తిరగెయ్యండి.

వారం దాటాక గోనె ఎత్తి చూస్తే గెత్తం గడ్డల మీద తెల్లటి సన్నని దారాలు పాకి ఉంటాయి. ఇంకో నాలుగైదు రోజులకు ఆ తెలుపు అక్కడక్కడ ఆకుపచ్చకు తిరుగుతుంది. గడ్డ విరిచి చూస్తే లోపల కూడా ఆకుపచ్చ పొడి కనిపించాలి. అప్పుడు పొలానికి సిద్ధం. మొత్తం పది నుంచి పదిహేను రోజుల పని. అంటే మృగశిర కార్తెలో తొలకరికి చిక్కుడు విత్తే ఆలోచన ఉంటే రోహిణి కార్తెలోనే గెత్తం కలుపుకోవాలి. రోహిణి ఎండలు మన దగ్గర ఎలా ఉంటాయో తెలుసు కదా, నీడ లేని చోట ఈ కుప్ప పెట్టవద్దు. 25 నుంచి 30 డిగ్రీల వేడి దీనికి బాగా నచ్చుతుంది.

మీ ఇంట్లో గానీ పక్కింట్లో గానీ పుట్టగొడుగులు పెంచుతుంటే కుప్పను దూరంగా పెట్టండి. చిక్కుడుకు మేలు చేసే ఈ ఆకుపచ్చ బూజే పుట్టగొడుగుల బెడ్లను పాడు చేస్తుంది. కుప్ప తిరగేసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. ఆస్తమా ఉన్నవాళ్లు, కీమో లాంటి చికిత్సలో ఉన్నవాళ్లు ఈ పని వేరేవాళ్లకు అప్పజెప్పాలి.

పొలంలో వేసేటప్పుడు నేలలో తడి ఉండాలి, పొద్దు వాలాక వేయాలి. పందిరి చిక్కుడైతే ప్రతి గుంతలో రెండు గుప్పెళ్లు వేసి మట్టితో కలపండి. బీన్స్, రాజ్మా సాళ్లలో అయితే విత్తే చాలులోనే వేసి కప్పెయ్యండి. ఎకరమంతా చల్లడం కంటే వేరు వెళ్లే చోట వేస్తేనే ఫలితం ఎక్కువ.

విత్తనానికి పట్టించడం

కిలో విత్తనానికి 10 గ్రాముల పొడి. అంటుకోవడానికి పల్చటి బెల్లం నీళ్లు. అనకాపల్లి దగ్గరే ఉంది కాబట్టి బెల్లానికి లోటు లేదు. రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలిపిన తెల్లబెల్లం కాకుండా నల్లబెల్లం తీసుకోండి.

బీన్స్, రాజ్మా గింజల పైపొర చాలా పల్చన. నీళ్లు కాస్త ఎక్కువైతే తొక్క ముడతపడి, చేతి రాపిడికి ఊడిపోతుంది. అలాంటి గింజ మొలవదు, మొలిచినా కుళ్లుతుంది. కాబట్టి కిలోకు రెండు చెంచాల బెల్లం నీళ్లు మించకుండా చిలకరించి, వెడల్పాటి బేసిన్‌లో వేసి, బేసిన్‌నే అటూ ఇటూ ఊపండి. చేత్తో రుద్దకండి. గింజ మెరిసేంత తడి తగిలితే చాలు. తర్వాత పొడి చల్లి మళ్లీ ఊపితే అన్ని గింజలకూ సమానంగా పడుతుంది. నీడలో గుడ్డ మీద అరగంట ఆరబెట్టి అదే రోజు విత్తండి. మర్నాటికి దాచొద్దు.

రైజోబియం (వేరు బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బ్యాక్టీరియా) కూడా పట్టించేవాళ్లు ముందు ట్రైకోడెర్మా, అది ఆరాక చివరగా రైజోబియం పట్టించాలి. రాజ్మా వేసేవాళ్లకు ఒక మాట. ఈ పంట వేర్లకు మిగతా పప్పుజాతుల్లా బుడిపెలు బాగా రావు, రైజోబియం పట్టించాం కదా అని నత్రజని ఎరువు మానేయకండి.

షాపులో కొన్న గింజలు గులాబీ రంగులోనో నీలం రంగులోనో ఉంటే వాటికి ముందే రసాయన మందు పట్టించారని అర్థం. దాని మీద ట్రైకోడెర్మా రాస్తే బతకదు. అలాంటప్పుడు విత్తనశుద్ధి వదిలేసి గెత్తం మీదే ఆధారపడండి. మీ సొంత విత్తనమైతే ఈ గొడవే లేదు.

మొక్క లేచాక

విత్తి మూడు వారాలు అయ్యాక ట్రైకోడెర్మా నీళ్లను ఒకసారి మొదళ్లలో పోయాలి. లీటరు నీటికి 10 గ్రాములు కలిపి, గంటసేపు ఉంచి, పల్చటి గుడ్డతో వడకట్టండి. బీన్స్ మొక్కకు ఒక టీ గ్లాసు, పందిరి గుంతకు లీటరు చాలు. ఎండ తగ్గాక పోయండి.

అక్టోబరు, నవంబరు నెలల్లో మన తీరానికి వాయుగుండాలు, తుపాన్లు మామూలే. మూడు రోజుల ముసురు తర్వాత మొదలుకుళ్లు విజృంభిస్తుంది. అప్పటికి పంట నెలన్నర దాటి ఉంటే, వాన తెరిపివ్వగానే ముందు కాలువలు తీసి నీరు బయటికి పంపండి, నేల కాస్త ఆరాక ఇంకోసారి పోయండి. నీరు నిలిచిన మడిలో ఎన్ని కిలోల ట్రైకోడెర్మా వేసినా ప్రయోజనం లేదు. బల్లపరుపు మడుల బదులు బోదెలు చేసి విత్తుకోవడం తెగులులో సగాన్ని ముందే ఆపేస్తుంది.

చచ్చిన మొక్క కనిపిస్తే చుట్టూ ఉన్న మట్టితో సహా తీసి సంచిలో వేసుకుని వెళ్లి కాల్చేయండి. గట్టు మీద పడేస్తే ఆవగింజంత ఉండే ఆ తెగులు గింజలన్నీ వాన నీటితో మళ్లీ మడిలోకే వస్తాయి. ఆ గుంత చుట్టూ ఉన్న మొక్కలకు ట్రైకోడెర్మా నీళ్లు ధారాళంగా పోయండి.

ఒకవేళ ముందే ఏమీ వేయకుండా, ఇప్పుడు చెక్కంతా చనిపోతుంటే ట్రైకోడెర్మా కోసం చూడకండి. కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే రాగి మందు లీటరుకు 3 గ్రాములు కలిపి మొదళ్లు తడిసేలా పోసి పంటను నిలబెట్టుకోండి. పదిహేను రోజులు ఆగి అప్పుడు ట్రైకోడెర్మా గెత్తం వేయండి.

వీటితో కలపకండి

కార్బెండజిమ్ అనే శిలీంధ్రాల మందుకూ దీనికీ అసలు పడదు, చాలా కొద్ది మోతాదే చంపేస్తుంది. అలాంటి మందులే అయిన మాంకోజెబ్, రాగి మందులను కూడా దీనితో కలిపి మట్టిలో పోయకండి. వీటికీ ట్రైకోడెర్మాకూ మధ్య కనీసం పదిహేను రోజుల తేడా ఉండాలి. యూరియా, డీఏపీలతో కలిపి చల్లకండి. మందు కొట్టిన స్ప్రేయర్ ట్యాంకులో కలపకండి, విడి బకెట్ పెట్టుకోండి. సూడోమోనాస్ అనే మేలు బ్యాక్టీరియా కూడా వాడేవాళ్లు రెండింటినీ ఒకే నీటిలో కలపకుండా వారం తేడాతో పోస్తే మంచిది.

మేడ మీద పాదులకు

కొలత అదే, తూకం చిన్నది. ఐదు కిలోల మాగిన గెత్తం లేదా వర్మీ కంపోస్టు, అర కిలో వేపపిండి, 100 గ్రాముల పొడి. నీడలో పాత టబ్బులో కలిపి తడి గుడ్డ కప్పండి. ఒక్కో గ్రో బ్యాగుకు రెండు గుప్పెళ్లు. కొళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి బకెట్‌లో ఒక రాత్రి నిలవుంచి వాడండి. పోయిన ఏడాది పాదు చచ్చిన బ్యాగులోని మట్టిని అలాగే మళ్లీ వాడొద్దు. మే నెల ఎండలో ప్లాస్టిక్ షీటు కింద పల్చగా పరిచి, తడిపి, నాలుగు వారాలు ఉడకనిచ్చి, చల్లారాక ట్రైకోడెర్మా గెత్తం కలపండి. మేడ మీద ఎండ ఆ పనికి సరిపోతుంది.

దీనితో పోనివి

బూడిద తెగులు చలికాలంలో, సరిగ్గా సంక్రాంతి, రథసప్తమికి కాయ గిరాకీ ఉన్నప్పుడే వస్తుంది. దానికి నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు, చల్లటి పూట పిచికారీ చేయాలి. ఆంపిలోమైసెస్ అనే ఇంకో మేలు శిలీంధ్రం బూడిద తెగులును తిని బతుకుతుంది. దొరికితే తెగులు తొలి మచ్చల దశలోనే వాడండి. కొండల మీద మంచుకు బీన్స్ ఆకుల వెనక వచ్చే తుప్పు తెగులుకు ట్రైకోడెర్మా పనికిరాదు. సాళ్ల మధ్య గాలి ఆడేలా విత్తుకుని, మచ్చ పడిన ఆకుల్ని ముందే తీసేయాలి. కాయ మీద నల్లటి గుంట మచ్చలు చేసే ఆంత్రాక్నోస్ ఎక్కువగా విత్తనంతోనే వస్తుంది కాబట్టి మచ్చ ఉన్న కాయ నుంచి విత్తనం కట్టకూడదు. పసుపు మొజాయిక్ వైరస్‌ను తెల్లదోమ తెస్తుంది. దోమను ఆపడం తప్ప దానికి మందు లేదు. ఏది ఏదో తేలకపోతే మొక్కను వేరుతో సహా కాగితంలో చుట్టి రైతు సేవా కేంద్రానికి గానీ, అనకాపల్లి లేదా చింతపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానానికి గానీ తీసుకెళ్లి చూపించండి. ఫోటో కంటే మొక్కను చూస్తేనే వాళ్లు సరిగ్గా చెప్పగలరు.

కాపు అయిపోయాక పందిరి దించే ముందు చెక్కలో అక్కడక్కడ పది మొక్కలు తవ్వి వేర్లు చూడండి. కుళ్లు కనిపించిన చోట కర్ర పాతి గుర్తు పెట్టుకోండి. వచ్చే తొలకరికి ఆ చోట గెత్తం రెట్టింపు వేయండి. నీటి వసతి ఉంటే ఒక పంట వరి వేస్తే ఇంకా మంచిది, నీట మునిగిన నేలలో మొదలుకుళ్లు గింజలు చాలావరకు చచ్చిపోతాయి.